చదువు: లేదు (ఒక ఖ్మేర్ పేషెంట్ కేసు)

నేను కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో సైకియాట్రిస్టుని. ఎంబీబీఎస్ చదివింది గుంటూరులో. ఇక్కడికి రాక ముందు కంబోడియా అంటే నాకు అంగ్‌కోర్ వాట్ ఫోటో, పోల్ పాట్ పేరు, పుర్రెల బొమ్మ, అంతకు మించి ఏమీ తెలియదు. ఇక్కడ అనాహైమ్ స్ట్రీట్‌లో ఒక భాగానికి 2007లో అధికారికంగానే కంబోడియా టౌన్ అని పేరు పెట్టారు, నా పేషెంట్లలో సగానికి సగం ఆ వీధి చుట్టుపక్కల వాళ్ళే.

ఈ కేసులో పేరు లేదు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, ఆమె, ఆమె కూతురు ఇద్దరూ సరే అన్నాకే రాస్తున్నాను. ఆమెను ఇక్కడ మింగ్ అంటాను. కంబోడియా వాళ్ళ భాష ఖ్మేర్‌లో మింగ్ అంటే మన పిన్ని. అమ్మ కన్నా కాస్త చిన్న వయసు ఆడవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు, క్లినిక్‌లో నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

2021 సెప్టెంబర్‌లో మొదటిసారి వచ్చింది. కంప్లైంట్ ఆమె మాటల్లోనే: లేచి నిలబడితే తల తిరుగుతుంది, మెడ పట్టేస్తుంది, చెవుల్లో హోరు, గుండె దడ, చేతులు కాళ్ళు చల్లబడతాయి, ఇక ప్రాణం పోతుందనిపిస్తుంది. అంతకు ముందు 14 నెలల్లో 9 సార్లు ఎమర్జెన్సీకి వెళ్ళింది. ప్రతిసారీ ఈసీజీ నార్మల్, రక్త పరీక్షలు నార్మల్, తల స్కాన్ నార్మల్, యాంగ్జైటీ అని రాసి ఇంటికి పంపించారు. ఒకసారైతే అక్కడి కుర్ర డాక్టర్ ఆమె వీపు మీద ఎర్రటి చారలు చూసి, కూతుర్ని బయటికి పంపించి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని సోషల్ వర్కర్‌తో అడిగించాడట. ఆ చారలు కొట్టినవి కావు. నూనె రాసి నాణెం అంచుతో వీపంతా గీస్తారు, లోపల చేరిన గాలి బయటికి పోవాలని. కోహ్ ఖ్యాల్ అంటారు, అంటే గాలిని గీయడం. ఆ గీతలు గీసింది కూతురే. అమ్మకి సాయం చేస్తే నేరస్తురాలిని చూసినట్టు చూశారని ఆ అమ్మాయికి ఇప్పటికీ కోపం.

ఈ గాలి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కేసంతా దీని మీదే నడిచింది. ఖ్మేర్ వాళ్ళ లెక్కలో శరీరంలో రక్తంతో పాటు ఖ్యాల్ అనే గాలి కూడా ప్రవహిస్తుంది. మామూలుగా అది చేతులు, కాళ్ళు, చర్మం గుండా బయటికి పోతూ ఉంటుంది. దారి మూసుకుపోతే పైకి తన్నుతుంది. పొట్టలోంచి ఊపిరితిత్తులకి, గుండెకి, అక్కడి నుంచి మెడ నరాల్లోకి, తలలోకి. మెడ దగ్గర నరం చిట్లితే మనిషి పోయినట్టే. మనకిది కొత్తగా అనిపించనక్కర్లేదు. మా నాయనమ్మ గ్యాస్ గుండెకి ఎక్కిందిరా అని అర్ధరాత్రి మమ్మల్ని లేపిన రోజులు నాకు గుర్తే. ఈ ఖ్యాల్ అటాక్‌ని 2013లో అమెరికా సైకియాట్రీ వాళ్ళ మానసిక రోగాల ప్రామాణిక పుస్తకం, డీఎస్ఎమ్ 5 లో కూడా చేర్చారు. కాబట్టి మింగ్ చెప్పింది మూఢనమ్మకం కాదు, ఆమె భాషలో సరైన డయాగ్నోసిస్. ఎమర్జెన్సీలో తొమ్మిదిసార్లూ ఆ మాట ఆమె చెప్పింది, తొమ్మిదిసార్లూ దాన్ని "డిజ్జీ" అని అనువాదం చేసి వదిలేశారు.

మొదటి రోజు నేను కేస్ షీట్‌లో రాసుకున్నది ఇది:

వయసు 61. భర్త లేరు. పుట్టిన చోటు: బత్తంబాంగ్ దగ్గర పల్లె. తండ్రి వృత్తి: వ్యవసాయం. చదువు: లేదు, ఖ్మేర్ కూడా చదవలేరు. పని: డోనట్ షాపులో 26 ఏళ్ళు, 2020లో షాపు మూసేశారు. షుగర్, బీపీ ఉన్నాయి. ఒక కూతురు, 38.

పుట్టిన చోటు, తండ్రి వృత్తి, చదువు. ఈ మూడూ అబద్ధాలని నాకు రెండేళ్ళకి గానీ తెలియలేదు.

డోనట్ షాపు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. కాలిఫోర్నియాలో విడిగా నడిచే చిన్న డోనట్ షాపుల్లో చాలా భాగం కంబోడియా వాళ్ళవే. తెల్లవారుజామున మూడింటికి పిండి కలపాలి, పండగా పబ్బం ఉండదు, కుటుంబమంతా చేస్తే గానీ గిట్టదు. మింగ్‌కి మాత్రం ఆ పని బాగా సరిపోయింది. ఎలాగూ రాత్రిళ్ళు నిద్ర ఉండదు కదా అంది. 26 ఏళ్ళు ఆ పనే ఆమెకి మందు, ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఆమెతో సహా. 2020లో కరోనాతో షాపు మూతపడింది, వీధులు ఖాళీ అయిపోయాయి. కిటికీలోంచి ఖాళీ వీధి చూసిన వారానికే మొదటి అటాక్. ఖాళీ వీధిలో అంత భయపడాల్సింది ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు. కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ సంగతి చదివాక అర్థమైంది.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్, అంటే పోల్ పాట్ కమ్యూనిస్టుల సైన్యం ఫ్నోమ్ పెన్‌లోకి వచ్చింది. వచ్చిన గంటల్లోనే ఊరు ఖాళీ చేయమన్నారు. అమెరికా బాంబులు వేస్తుంది, మూడు రోజుల్లో తిరిగి వచ్చేయొచ్చు అన్నారు. జనం నమ్మారు, ఎందుకంటే 1973 ఆగస్టు దాకా అమెరికా విమానాలు ఆ దేశం మీద నిజంగానే బాంబులు వేశాయి. దాదాపు 20 లక్షల మంది, ఆస్పత్రుల్లో మంచాల మీద ఉన్నవాళ్ళతో సహా, రోడ్డెక్కారు. అలా పట్నం నుంచి వచ్చినవాళ్ళకి కొత్త జనం అని పేరు, ఏప్రిల్ 17 జనం అని కూడా. పల్లెల్లో ముందు నుంచీ ఉన్నవాళ్ళు పాత జనం. కొత్త జనానికి తిండి తక్కువ, పని ఎక్కువ, ప్రాణానికి విలువ లేదు. నిన్ను ఉంచుకుంటే లాభం లేదు, తీసేస్తే నష్టం లేదు అని ముఖం మీదే చెప్పేవాళ్ళు. పాలించేది ఎవరో పేరు కూడా ఉండదు, అంతా అంగ్‌కార్, అంటే సంస్థ. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం వచ్చి ఆ పాలన కూల్చేదాకా 3 ఏళ్ళ 8 నెలల 20 రోజులు. ఆ లెక్క చదువు రాని ముసలాళ్ళు కూడా రోజులతో సహా చెప్తారు. 80 లక్షలకి కాస్త తక్కువ జనాభా ఉన్న దేశంలో 15 నుంచి 20 లక్షల మంది పోయారు, ఆకలితో, రోగాలతో, గొడ్డు చాకిరీతో, చంపేయడం వల్ల.

ఇక నా కేసుకి అసలు ముఖ్యమైన విషయం. అంగ్‌కార్ అందరి దగ్గరా జీవిత చరిత్ర రాయించుకునేది. పుట్టిన ఊరు ఏది, నాన్న ఏం చేసేవాడు, నువ్వెంత వరకు చదివావు, బంధువులెవరు. ఒకసారి కాదు, నెలల తేడాతో మళ్ళీ మళ్ళీ. ముందు చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ తేడా వస్తే పని అయిపోయినట్టే. టీచర్లు, పాత ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు దొరికేది అలాగే. చంపడానికి తీసుకెళ్ళేటప్పుడు చదువుకోడానికి రమ్మంటున్నారు అనేవాళ్ళు.

ఇప్పుడు నా మొదటి రోజు ఇంటర్వ్యూ మళ్ళీ చదవండి. పుట్టిన ఊరు, నాన్న వృత్తి, చదువు. నేను అడిగింది అక్షరాలా అవే ప్రశ్నలు. అదే వరసలో. చేతిలో పెన్ను పట్టుకుని, టేబుల్‌కి అవతల కూర్చుని.

పైగా మొదటి రెండు విజిట్లలో ఫోన్‌లో అనువాదకుడిని పెట్టుకున్నాం. ఎవరో ముసలాయన గొంతు. మింగ్ అవును, లేదు తప్ప మూడో మాట మాట్లాడలేదు. డిప్రెషన్ ప్రశ్నావళిలో 27కి 2 వచ్చింది. పేపర్ మీద చూస్తే నాకన్నా ఆమే సంతోషంగా ఉంది. తర్వాత మా క్లినిక్‌లోనే పనిచేసే ఒక అనువాదకురాలు, పసిపిల్లగా ఇక్కడికి వచ్చినావిడ, నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పింది: "డాక్టరు గారూ, ఆ గొంతు వయసెంతో మింగ్ లెక్కేసుకుంటోంది. 1975లో అతను ఏ వైపు ఉన్నాడో ఆమెకెలా తెలుస్తుంది?" సిగ్గేసింది. చంపిందీ ఖ్మేర్ వాళ్ళే, చచ్చిందీ ఎక్కువగా ఖ్మేర్ వాళ్ళే. ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు, ఒకే గుడికి వెళ్తారు, అమెరికా చేరినవాళ్ళలో రెండు రకాలూ ఉన్నారు. ఖ్మేర్ రూజ్ నాయకుల్ని విచారించిన కోర్టులో కూడా ఇదే చిక్కు వచ్చింది. 2018 నవంబర్‌లో తీర్పు ఇచ్చినప్పుడు జెనోసైడ్ (జాతి నిర్మూలన) అనే మాట చామ్ ముస్లింల, వియత్నామీయుల హత్యలకే వర్తించింది, మిగతా లక్షల ఖ్మేర్ చావులు మానవత్వంపై నేరాల కింద వచ్చాయి. చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. మింగ్ కూతురు ఒకసారి, "మా వాళ్ళ చావుకి సరైన పేరు కూడా లేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ అనువాదకురాలు వచ్చాక ప్రశ్న మార్చాం. డిప్రెషన్ ఉందా అని కాదు, కిత్ చ్రాన్ ఉందా అని అడిగాం, అంటే మరీ ఎక్కువగా ఆలోచించడం. మింగ్ నలభై నిమిషాలు మాట్లాడింది. హార్వర్డ్ ట్రామా ప్రశ్నావళి ఖ్మేర్ వెర్షన్‌లో స్కోరు 3.1. 2.5 దాటితే పీటీఎస్డీ, అంటే ఘోరమైన అనుభవాల తర్వాత వదలకుండా పట్టుకునే మానసిక రోగం, అని లెక్క. ఇదేమీ అరుదు కాదు. 2005లో లాంగ్ బీచ్ ఖ్మేర్ శరణార్థుల మీద వచ్చిన పెద్ద సర్వేలో, అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటాక కూడా 62 శాతం మందికి పీటీఎస్డీ, 51 శాతం మందికి డిప్రెషన్ ఉన్నాయి. అంతకు ముందు 1980లలో ఇదే ఊళ్ళో సుమారు 150 మంది ఖ్మేర్ ఆడవాళ్ళు కళ్ళు కనపడట్లేదని వచ్చారు. కళ్ళు పరీక్షిస్తే లోపం లేదు. డబ్బుల కోసం నాటకం అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

నేను చేసిన తప్పులు

మొదటిది మందుతో. డిప్రెషన్‌కీ పీటీఎస్డీకీ వాడే సెర్ట్రలిన్ మొదలుపెట్టాను, అది సరే. పీడకలలకి రాత్రిపూట ప్రాజోసిన్ ఇచ్చాను. పీటీఎస్డీ పీడకలలకి చాలామంది ఇచ్చే మందే. 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి వారం తర్వాత 2 చేశాను. డోసు పెంచిన రెండో రాత్రి బాత్రూమ్‌కని లేచింది, కళ్ళు తిరిగాయి, గోడ పట్టుకుని కూలబడింది, మెడలో నరం చిట్లిపోతోందని అరిచింది. పదోసారి ఎమర్జెన్సీ. అక్కడ నిలబెట్టి చూస్తే పై బీపీ 96. ఆమె అప్పటికే బీపీకి మూడు మందులు వాడుతోంది, అందులో ఒకటి మూత్రం ఎక్కువ పోయేది. ప్రాజోసిన్ నిలబడగానే బీపీ పడేసే మందు అని మెడికల్ స్టూడెంట్‌కి కూడా తెలుసు. మొదటి విజిట్‌లో మొదటి వాక్యంలోనే "లేచి నిలబడితే" అని ఆమె చెప్పింది. నేను పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చెప్పినదాంట్లో మనసుని వెతుక్కున్నాను, ఆమె శరీరం గురించి చెప్తోంది. ఒక్క నిమిషం పని.

రెండోది నా చేతిలో లేదు కానీ నేను చూసి ఆపలేదు. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.8కి చేరిందని డైటీషియన్ దగ్గరికి పంపించారు. ఆవిడ మంచిదే, ప్లాస్టిక్ కప్పు ఒకటి చేతిలో పెట్టి, పూటకి ఈ కప్పుతో ఒక్కసారి అన్నం, కొలిచి పెట్టుకోండి అంది. మూడు వారాలకి కూతురు ఫోన్ చేసింది. మంచం కింద, బట్టల వెనకాల, ఐస్‌క్రీమ్ డబ్బాల్లో బియ్యం దొరుకుతున్నాయట, అమ్మ రాత్రిళ్ళు లేచి అన్నం తింటోందట. అన్నం పారేస్తే కళ్ళు పోతాయనే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం, మనకైనా తట్టాలి కదా. అంగ్‌కార్ రోజుల్లో వండుకోడానికి లేదు, అందరికీ ఒకేచోట తిండి, గరిటతో కొలిచి పోసే గంజి, అందులో మెతుకులు లెక్కపెట్టొచ్చు. దాన్ని బబా అంటారు. కొలిచి పెట్టే చెయ్యి అంటే ఆమెకి ఆ చెయ్యే.

మూడోది గ్రూప్ థెరపీ. కుర్చీలు గుండ్రంగా వేసి, ఒక్కొక్కరూ తమ గురించి చెప్పుకోవడం. ఒక్కరోజు వెళ్ళింది, మళ్ళీ వెళ్ళనంది. అప్పట్లో సాయంత్రాలు అలాగే కూర్చోబెట్టి నీ తప్పులు నువ్వు చెప్పు, పక్కవాడి తప్పులు చెప్పు అనేవాళ్ళట.

ఈ మూడూ పుస్తకం ప్రకారం మంచి వైద్యమే. అదే నన్ను బాధపెట్టింది. ప్రశ్నలు అడగడం, కొలవడం, మాట్లాడించడం, మన పని అంతా ఈ మూడిట్లోనే ఉంది. మూడూ ఆమె మీద అంతకు ముందే ఎవరో ప్రయోగించారు.

ఖ్మేర్‌లో ఒక మాట ఉంది, దాం దామ్ కో. బూరుగు చెట్టు నాటమని. కో అంటే బూరుగు చెట్టు, కో అంటే మూగవాడు కూడా. ఆ రోజుల్లో బతకాలంటే ఇంటి ముందు బూరుగు చెట్టు నాటుకో అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు, అంటే ఏమీ తెలియనట్టు, ఏమీ రానట్టు, ఏమీ చూడనట్టు ఉండు. సైకియాట్రీ నేర్చుకున్నవాళ్ళకి మౌనం అనగానే అది జబ్బు లక్షణం, చెప్పుకుంటే బరువు దిగుతుంది అనే అలవాటు ఉంటుంది. నాకూ ఉంది. మింగ్ విషయంలో మౌనం జబ్బు కాదు. పదిహేనేళ్ళ పిల్ల నేర్చుకుని ప్రాణం కాపాడుకున్న విద్య. ఆ విద్యని వదిలేయమని అడగడానికి నేనెవర్ని, బదులుగా నేనిచ్చే హామీ ఏంటి?

సరే, ఏం మార్చాం

ప్రాజోసిన్ ఆపేశాను. ఆమె ఫిజీషియన్‌తో మాట్లాడి మూత్రం ఎక్కువ పోయే బీపీ మందు తీసేయించాను. లేచే ముందు మంచం అంచున కూర్చుని పాదాలు ఇరవైసార్లు ఆడించడం, గ్లాసుడు నీళ్ళు తాగడం, అప్పుడు లేవడం. ఇంత చిన్నదానికే నెలలో తల తిరగడం సగానికి సగం తగ్గింది. అనువాదకురాలు దీన్ని ఖ్యాల్ భాషలోనే చెప్పింది, పాదాల దగ్గర దారి తెరిస్తే గాలి పైకి తన్నదు అని. శాస్త్రం ప్రకారం పిక్కల కండరాలు రక్తాన్ని పైకి పంపుతాయి, దిశ తిరగబడింది, కానీ నేను సరిదిద్దలేదు. పని చేస్తోంది.

అన్నం కప్పు చెత్తబుట్టలో వేయించాం. ముందు చేపా కూరలూ ఉన్న పుల్లటి పులుసు, సమ్‌లా మ్చూ, కడుపు సగం నిండేదాకా. అన్నం చివర్లో, ఎంత కావాలంటే అంత. కొలత లేదు. బియ్యం డబ్బాలు తీసేయొద్దని కూతురికి చెప్పాను. షుగర్ ఏడాదిలో 7.4కి దిగింది, ఎంత కావాలంటే అంత అన్నాక ఆమె తినేది తగ్గింది.

తర్వాత మెడ. మాసచూసెట్స్‌లోని లోవెల్‌లో డెవన్ హింటన్ అనే సైకియాట్రిస్ట్ ఖ్మేర్ పేషెంట్లతో ఏళ్ళ తరబడి పనిచేసి, ఈ తల తిరగడం, మెడ నొప్పి, ఖ్యాల్ భయం ఒకదాన్నొకటి ఎలా పెంచుకుంటాయో చూపించాడు. వాళ్ళకి తగ్గట్టు మలిచిన సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ) కథ చెప్పమని కూర్చోబెట్టరు, శరీరంతో మొదలుపెడతారు. మెడ నెమ్మదిగా తిప్పడం, గాలికి ఊగుతున్న తామరపువ్వుని ఊహించుకోవడం, కాడ వంగుతుంది గానీ విరగదు అనుకోవడం. చదివినప్పుడు నాకు కాస్త నవ్వొచ్చిన మాట నిజం. నాలుగో సెషన్‌లో మింగ్ మెడ తిప్పుతూ, కుడి భుజం మీద చెయ్యి పెట్టి, తనంతట తనే అంది: ఇక్కడ కావడి ఉండేది. కావడి బద్దకి రెండు వైపులా మట్టి బుట్టలు. కాలువ తవ్వకం. పదహారేళ్ళు. ఎండాకాలం, రోజుకి పన్నెండు గంటల పైన. మెడ నొప్పి ఎప్పటి నుంచి అని నేను మొదట్లో అడిగితే 2020 నుంచి అని రాసుకున్నాను.

ఆ ఒక్క మాట తర్వాత నెలకి ఒకటి, రెండు ముక్కలు వచ్చేవి. నేను అడగలేదు. ఒకరోజు, పుట్టింది బత్తంబాంగ్ కాదు, ఫ్నోమ్ పెన్ అంది, అని వెంటనే అనువాదకురాలి వైపు చూసింది. నేను పెన్ను కింద పెట్టేసి ఉన్నాను, కేస్ షీట్ దిద్దలేదు. 1975 చివర్లో వాళ్ళ కుటుంబాన్ని రైల్లో వాయవ్యానికి, పుర్సాత్ వైపు తోలారు. ఆకలి చావులు బాగా ఎక్కువగా జరిగిన ప్రాంతం అది. తమ్ముళ్ళిద్దరూ అక్కడే పోయారు.

మా అనువాదకురాలు ఇంకోటి గమనించింది. ఖ్మేర్ వాళ్ళు మగ డాక్టర్ని లోక్ క్రూ పేత్ అంటారు. క్రూ అంటే మన గురువే, పేత్ అంటే వైద్యుడే, సంస్కృతం నుంచి అలా అరిగిపోయి చేరిన మాటలు. స్కూల్ మాస్టారుని లోక్ క్రూ అంటారు. మింగ్ నన్ను ఎప్పుడూ ఉట్టి పేత్ అనేది. మర్యాద తెలియని పల్లెటూరి మనిషి అనుకున్నామని ఆవిడ తర్వాత నవ్వుతూ ఒప్పుకుంది.

2023 అక్టోబర్

మనకి మహాలయ పక్షం ఉన్నట్టే వాళ్ళకి ప్చుమ్ బెన్. భాద్రపద బహుళంలో అవే పదిహేను రోజులు, నెల పేరు కూడా ఫొత్రొబొత్, మన భాద్రపదమే. బెన్ అంటే పిండం. తెల్లవారక ముందే గుడి చుట్టూ తిరుగుతూ అన్నం ముద్దలు చీకట్లోకి విసురుతారు, దిక్కులేని ప్రేతాలు ఆకలితో వస్తాయని. ఆకలితో చచ్చి, కర్మ జరగని లక్షల మంది ఉన్న జాతికి ఈ పండగ ఏమవుతుందో మీరే ఊహించుకోండి. 2023లో వాళ్ళ పెద్ద పిండాల రోజు, మన మహాలయ అమావాస్య ఒకే రోజు వచ్చాయి, అక్టోబర్ 14. ఆ రోజు నేను ఇంట్లో నాన్నకి తర్పణం వదిలి, మధ్యాహ్నం ఫోన్ చూసుకుంటే మింగ్ కూతురి నుంచి ఒక ఫోటో ఉంది. కింద ఒక్క వాక్యం: ఇది మా అమ్మ రాసింది.

గుడిలో కుటుంబం తరఫున పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఇస్తే ఆచార్, అంటే అక్కడి ఆచార్యుడు, చదువుతాడు. ప్రతి ఏడాదీ మింగ్ ఏమీ ఇచ్చేది కాదు, నాకు రాయడం రాదు కదా అనేది. ఈసారి పక్కవాళ్ళ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, గోడకి ఆనుకుని కూర్చుని, పదకొండు పేర్లు రాసింది. నాకు ఖ్మేర్ చదవడం రాదు, అయినా తెలిసింది అది తిరగని చెయ్యి కాదని. అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తులో, గీత గీసినట్టు వరసగా. మొదటి పేరు ముందు లోక్ క్రూ అని ఉందని మా అనువాదకురాలు చెప్పింది.

నవంబర్ విజిట్‌లో మింగ్ చెప్పింది మొత్తం కలిపి ఐదారు వాక్యాలు. నాన్న ఫ్నోమ్ పెన్‌లో లెక్కల మాస్టారు. ఊరు వదిలిన మూడో రోజు రోడ్డు మీదే నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, మనం రైతులం, మీకెవరికీ చదువు రాదు అని వల్లె వేయించాడు. 1977లో ఆమె ఉన్న కుర్రకారు పని దళంలో మళ్ళీ జీవిత చరిత్రలు అడిగారు. అక్షరం రానివాళ్ళవి నాయకురాలే రాసుకునేది. ఆకలి, జ్వరం, ఆ పూట ఏం ఆలోచించిందో ఆమెకే తెలియదు, పెన్సిల్ చేతిలోకి తీసుకుని తండ్రి రైతు అని తనే రాసింది, తండ్రి నేర్పిన దస్తూరితో. నాయకురాలు కాగితం చాలాసేపు చూసి, బాగా రాస్తావే అంది. పది రోజులకి నాన్నని చదువుకోడానికి రమ్మన్నారని తెలిసింది.

ఆ రెండిటికీ సంబంధం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. 1977లో ఆ ప్రాంతంలో నైరుతి నుంచి కొత్త కేడర్లు దిగి పాతవాళ్ళనీ జనాన్నీ ఊచకోత కోశారు, ఆమె రాసినా రాయకపోయినా ఆయన పేరు జాబితాలో ఉండి ఉండొచ్చు. నీ తప్పు కాదు అనే మాట నోటి దాకా వచ్చింది. అనలేదు. దాన్ని 46 ఏళ్ళుగా ఆమె తనకి తానే చెప్పుకుని ఉండదా? నాయకురాలు ఆ కాగితం ఎంతసేపు చూసిందని మాత్రం అడిగాను. గంజి చల్లారేంత సేపు అంది.

మాస్టార్లని చంపించినవాళ్ళు ఎవరంటే, పోల్ పాట్ ఫ్నోమ్ పెన్‌లో పాఠాలు చెప్పినవాడు, తూల్ స్లెంగ్ జైలు నడిపిన డూక్ లెక్కల మాస్టారు, ఆ జైలు అంతకు ముందు హైస్కూలు. డూక్ శిక్షపడి 2020లో పోయాడు. 30 కోట్ల డాలర్ల పైన ఖర్చయిన ఆ కోర్టులో శిక్ష పడింది మొత్తం ముగ్గురికి. మింగ్ ఆ కోర్టు వార్తలు ఒక్కరోజు కూడా చూడలేదు.

ఇదంతా విని కూతురు ఏడ్చి అమ్మని పట్టుకుంటుందని నేను అనుకున్నాను. అలా జరగలేదు. ఆమెకి విపరీతమైన కోపం వచ్చింది. ఈ అమ్మాయి థాయ్‌లాండ్ సరిహద్దులో ఖావో ఇ డాంగ్ శిబిరంలో పుట్టి, ఏడాది వయసులో అమెరికా వచ్చింది. ఏడేళ్ళ నుంచి ఇంట్లో ప్రతి కాగితం తనే. కరెంటు బిల్లు, అద్దె, ఫుడ్ స్టాంపులు, నాన్న క్యాన్సర్ రిపోర్టు. స్కూలు నుంచి వచ్చిన ఖ్మేర్ కరపత్రాలు కూడా, తనకి సరిగ్గా రాని ఖ్మేర్‌లో కూడబలుక్కుని చదివి అమ్మకి వినిపించేది, అమ్మ తలూపేది. "నలభై ఏళ్ళు. నా చిన్నతనం అంతా ఆ ఫారాలకే పోయింది. కనీసం ఖ్మేర్‌వి అయినా చదవొచ్చు కదా!" అంది ఇంగ్లిషులో, అమ్మకి అర్థం కాకూడదని. అనువాదకురాలు నా వైపు చూసింది, చెప్పమంటారా అని. మింగ్ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. అర్థమైంది అంది, ఇంగ్లిషులో.

ఆ తర్వాత రెండు నెలలు కూతురు అమ్మని తీసుకురాలేదు, మింగ్ బస్సులో వచ్చింది. ఇప్పుడు కూతురికీ వేరే థెరపిస్ట్ ఉంది. అది నా కేసు కాదు కాబట్టి ఇంకేమీ రాయను.

2024 మధ్యలో చూసినప్పుడు ట్రామా స్కోరు 2.2, డిప్రెషన్ 27కి 9 (మొదట్లో వచ్చిన 2 ఆమె నోరు విప్పనప్పటిది). చివరి ఏడాదిలో ఎమర్జెన్సీకి ఒక్కసారే వెళ్ళింది, అది నిజంగా మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి. నిద్ర ఇంకా నాలుగు గంటలే. ఏప్రిల్ వస్తే మళ్ళీ మెడ పట్టేస్తుంది, ఈ ఏడాదీ పట్టేసింది. బియ్యం డబ్బాలు అలాగే ఉన్నాయి.

ఒకరోజు కంప్యూటర్ స్క్రీన్ ఆమె వైపు తిప్పి అడిగాను, ఈ మూడు లైన్లు దిద్దమంటారా అని. చాలాసేపు చూసింది. ఇది ఎవరెవరు చదవగలరు అని అడిగింది. ఇన్సూరెన్స్ వాళ్ళు, వేరే ఆస్పత్రుల వాళ్ళు, అడిగితే కోర్టు అని ఉన్నదున్నట్టు చెప్పాను. అయితే వద్దు, అలాగే ఉంచు అంది. మరి నేను వేరేచోట, తెలుగులో, పేరు లేకుండా రాసుకోవచ్చా అన్నాను. తెలుగు అంటే ఏంటని అడిగితే ఫోన్‌లో మా అమ్మ మెసేజ్ చూపించాను. అద్దాలు సర్దుకుని అక్షరాల వంపులు చూసింది. మా వాటిలాగే గుండ్రంగా ఉన్నాయే, కానీ ఒక్కటీ చదవలేకపోతున్నాను, సరే రాసుకో అంది.

రికార్డులో మాత్రం ఇప్పటికీ చదువు: లేదు అనే ఉంది.